కాగితం కొండ ఎవరు చేశారు

దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు మా చిత్తూరు వైపు ఇంకా ఉన్నాయి. మెట్ల మీద బొమ్మలు పెద్దవాళ్లు సర్దుతారు. మెట్ల కింద నేలమీద కొండ, ఘాట్ రోడ్డు, బస్సులు, పొలాలు పిల్లలు చేయాలి. మా ఇంట్లో కొండను కాగితంతో చేసేవాళ్లం. పాత పేపర్లు నానబెట్టి, దంచి, రుబ్బిన మెంతులు కలిపితే గుజ్జు అవుతుంది. దాన్ని కొండలా పేర్చి ఎండబెట్టి రంగు వేస్తాం. చుట్టూ మట్టి పరిచి ఆవాలు చల్లితే పండగనాటికి పచ్చటి పొలం సిద్ధం. ఆ మట్టి మీద నీళ్లు వేళ్లతో చిలకరించాలి. కొండ మీద పడకూడదు. పైకి ఎండినట్టు కనిపించినా లోపలి తడి అంత తొందరగా పోదు.

ఆమధ్య మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది.

"వదినా, ఈ పిల్లకాయలతో యాగలేకపోతా ఉండాను. పొద్దస్తమానం కొట్లాటే. ఇద్దరినీ కూర్చోబెట్టి బొమ్మలు చేయిస్తే ప్రేమ పెరుగుతాదంట, ఫోన్ వీడియోలో ఒకామె చెప్పింది. నువ్వొచ్చి ఆ కొండ చేయించు."

నేనూ తమ్ముడూ చిన్నప్పుడు ఇలాగే కలిసి కొండ చేశాం. దాని గురించి అడిగితే వాడికి ఇప్పుడు గుర్తున్నది వాడొక్కడే చేసినట్టు. అయినా పాత పేపర్ల కట్ట కట్టుకుని, తిరుచానూరు రోడ్డులో ఉన్న వాళ్లింటికి ఆటోలో వెళ్లాను.

మేనకోడలు ఎనిమిదో తరగతి. మేనల్లుడు దానికంటే చిన్న. మొదటి రోజు ఇద్దరూ కూర్చున్నారు. గుజ్జులో చెయ్యి పెట్టగానే వాడు ముక్కు మూసుకున్నాడు.

"థూ, మెంతుల కంపు! అక్కా, నువ్వు పిసుకు. నేను రంగేస్తాను."

"రంగు కూడా నేనే ఏస్తాలే. నువ్వు బస్సులు తోలుకో పో."

వాడు నిజంగానే బొమ్మ బస్సులు తెచ్చుకుని తోలుకున్నాడు. పిల్ల మాత్రం బడి నుంచి రాగానే యూనిఫాం అయినా మార్చకుండా కూర్చునేది. ఏడుకొండల్లో ఏడు శిఖరాలూ వేరువేరుగా కనిపించాలని దాని పట్టుదల. ఘాట్ రోడ్డు మలుపులను అగ్గిపుల్లతో గీసింది. ఒక సాయంత్రం తలెత్తకుండానే అడిగింది.

"అత్తా, పేరంటానికి వచ్చినోళ్లకు ఇది నేను చేసినానని చెప్తావా? అమ్మ చెప్పదు."

చెప్తానన్నాను. పత్రికలో వార్త రాసినవాడి పేరు పైన వస్తుంది. దిద్ది, ముడులు విప్పి, దాన్ని చదివేలా చేసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. డెస్కులో నా ఉద్యోగమంతా అదే. పిల్ల అడిగింది నాకు చిన్న కోరికగా అనిపించలేదు.

మిద్దె మీద ఎండబెట్టిన కొండ ఇంకో రెండు రోజులు ఎండాలి. రేణిగుంటలో గోడౌన్ పనినుంచి వచ్చిన తమ్ముడు దాన్ని చూసి, "బాగుండాది, లోపల పెట్టేస్తాం" అన్నాడు.

"తడి ఆరలేదు నాయనా" అంది పిల్ల.

"ఆరిందిలే. పేరంటాళ్లు వచ్చేదానికి కొండ మిద్దె మీద ఉంటే ఎట్లా?"

కొండను దింపించి కొలువు మెట్ల కింద పెట్టించాడు. మర్నాడు సాయంత్రం వీధిలోని ఆడవాళ్లంతా పేరంటానికి వచ్చారు. తాలింపు సెనగల సుండల గిన్నెలు చేతులు మారుతున్నాయి. పక్కింటామె కొండ ముందు వంగి చూసి, "అబ్బ! ఎవరు చేసినారు?" అంది.

"నేనే!" అన్నాడు మేనల్లుడు.

"మగపిల్లోడికి ఎంత ఓపికో సూడమ్మా!"

"కొండ చేసింది పాప" అన్నాను, అందరికీ వినబడేలా.

మరదలు వెంటనే అందుకుంది. "అట్లా వేరు చేయొద్దు వదినా. ఇద్దరూ కలిసి చేసినారు."

మరదలు తప్పు మాట అనలేదు. కలిసి చేశారనడం మంచి మాటే. కానీ ఆ మంచి మాట కింద పిల్ల పది వేళ్లూ కనబడకుండా పోయాయి. అది తాంబూలాల పళ్లెం పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. నా వైపు చూడలేదు.

మెప్పుకు ఉబ్బిపోయిన మేనల్లుడు, "జలపాతం సూపిస్తా!" అంటూ చెంబెడు నీళ్లు శిఖరం మీద పోశాడు. మొదట నిజంగానే జలపాతంలా పారింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక పక్క ఉబ్బింది. పగిలింది. ఘాట్ రోడ్డు బస్సులతో సహా జారి ఆవాల పొలంలో పడింది. మెంతుల వాసన గదంతా కమ్మింది. పక్కింటామె పట్టుచీర అంచు నిండా బూడిదరంగు గుజ్జు.

"ఏందిరా ఇది!" అని తమ్ముడు అరిచాడు.

మేనల్లుడు చెంబును వీపు వెనక దాచుకున్నాడు. "నాకేం తెలుసు? అక్క చేసింది కొండ. అంతా అక్కే చేసింది!"

"ఎండిందో లేదో చూసుకోవద్దా?" అని తమ్ముడు కూతురి మీదికి తిరిగాడు.

"ఎండనీకుండా లోపల పెట్టించింది నువ్వే కదరా" అన్నాను. వాడు అప్పటికే పక్కింటామెకు నీళ్లు తెచ్చే హడావుడిలో ఉన్నాడు.

పేరంటాళ్లు వెళ్లాక పిల్ల మోకాళ్ల మీద కూర్చుని గుజ్జు బకెట్లోకి ఎత్తింది. భయపడిన మేనల్లుడు వచ్చి బకెట్ పట్టుకున్నాడు. మరదలు ఫోన్ తీసి ఫొటో కొట్టింది.

"సూసినావా వదినా, ఎంత బాగా కలిసిపోయినారో!"

ఆ ఫొటో అప్పటికప్పుడే చుట్టాలందరికీ వెళ్లిపోయింది. పిల్ల చేతికి అంటిన గుజ్జును బకెట్ అంచుకు రాసి, నా వైపు చూసింది.

"ఇప్పుడు చెప్పత్తా, కొండ నేను చేసినానని. ఇప్పుడైతే అందరూ నమ్ముతారు."