బంతి రాని సగం

నా చిన్నప్పుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా గల్లీ ఆడపిల్లలకు రెండు పనులు బాగా వచ్చేవి. బీడీలు చుట్టడం ఒకటి, ఫుట్‌బాల్ ఆడటం ఒకటి. మొదటిది అమ్మలు నేర్పారు. రెండోది పక్కింటి అక్క నేర్పింది.

అక్క కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టు దాకా వెళ్లి వింగర్‌గా ఆడిన మనిషి. వింగర్ అంటే మైదానం అంచున సున్నపు గీత పక్కనే ఉండి, బంతిని పైదాకా తీసుకుపోయి, మధ్యలో ఉన్నవాళ్లు గోల్ కొట్టేలా అందించే ఆటగత్తె. పెళ్లయ్యాక అక్క తాను ఆడటం మానేసింది. భర్త దుబాయిలో ఉండటంతో చంటిబిడ్డతో తల్లిగారింట్లోనే ఉండేది. పొద్దున్నే బిడ్డను తల్లికి అప్పగించి, కొంగు నడుముకు బిగించి, ఒక్కో ఇంటి ముందు నిలబడి మమ్మల్ని లేపేది. ఈ పని చేయమని ఆమెను ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం మా అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ, పొద్దుటి ఆటలో మేం చేసిన తప్పులన్నీ అమ్మకు వినిపించేది. అమ్మకు ఆట గురించి ఏమీ తెలియదు. అయినా పెళ్లి ముచ్చట్లు విన్నంత శ్రద్ధగా వినేది.

మా జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేదాన్ని నేనే. నా చోటు మధ్యలో, గోల్‌కు ఎదురుగా. బంతి ఎవరి కాలి దగ్గరున్నా నాకిమ్మని అరిచేదాన్ని, వాళ్లు ఇచ్చేవాళ్లు, నేను గోల్ కొట్టేదాన్ని. బంతి నా దగ్గర లేనప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేదాన్ని. ఆట అంటే బంతి, బంతి అంటే నేను. అంతకు మించి ఆలోచించే వయసూ కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, చలికాలంలో, బాలికల పోటీల్లో మేం ఫైనల్‌కు చేరాం. ఆట బోధన్‌లో. దాన్ని చూసి స్పోర్ట్స్ హాస్టల్‌కు పిల్లల్ని ఎంచుకోవడానికి హైదరాబాద్ నుంచి సార్లు వస్తున్నారని కబురు తెలిసింది. ఇంట్లో ఆ కబురు మీదే అంతా ఆగి ఉంది. మా బాపు ఆటో నడిపేవాడు. బిడ్డ ఎదుగుతోంది, నిక్కరేసుకుని గ్రౌండులో ఉరుకుడేంది అని ఆటో అడ్డా మీద ఏడాది పొడుగునా మాటలు పడ్డాడు. హాస్టల్ వాళ్లు తీసుకుంటే ఎవరేమన్నా పంపిస్తాననీ, తీసుకోకపోతే ఈ ఏడాదితో ఆట బంద్ అనీ చెప్పేశాడు. కోపంగా కాదు, నిదానంగానే చెప్పాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ రోజు బోధన్ దారంతా చెరకు ట్రాక్టర్లే. మా బస్సు వాటి వెనకాల నత్తలా నడిచింది. కిటికీలోంచి చెయ్యి చాపి చెరకు గడ లాగడానికి మా వాళ్లు పోటీలు పడుతుంటే నేను మాత్రం కళ్లు మూసుకుని, ఎన్ని గోల్స్ కొడితే సార్లకు నచ్చుతానో అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఊరు దగ్గర పడుతుంటే చక్కెర వండే తియ్యటి, పులిసిన వాసన బస్సులోకి వచ్చింది.

ఎదుటి జట్టులో కొందరు చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు, కొందరు కాలువ కింది ఊళ్లలో స్థిరపడ్డ కోస్తా రైతుల పిల్లలు. వాళ్ల గోల్ ముందు కాపలాగా బ్యాక్ ఆడే అమ్మాయి రెండు జడలు మడిచి కట్టుకుని, మా అందరికన్నా జానెడు ఎత్తుగా ఉంది.

ఆట మొదలయ్యే ముందు అక్క నన్ను కుడి అంచుకు పొమ్మంది. నా చోట్లో మా వెనకింటి చిన్నదాన్ని నిలబెట్టింది. ఆ పిల్ల అప్పటిదాకా ఎక్కువగా గీత బయట కూర్చుని మా చెప్పులు చూసుకునేది.

"అక్కా, సార్లు వచ్చిండ్రు. గా అంచుకు పోతే నేనెట్ల కనిపిస్త?"

"కనిపిస్తవ్. గా గీత పొంటి ఉండు. బంతి మనోళ్లకు దొరికినప్పుడల్లా మీదికి ఉరుకు. నీకొచ్చినా ఉరుకు, రాకున్నా ఉరుకు."

ఉరికాను. బంతి రాలేదు. మళ్లీ ఉరికాను. మా వాళ్లు నా వైపు చూసి కూడా బంతిని అవతలి అంచుకు తన్నారు. నాకిమ్మని గొంతు పోయేలా అరిచాను. ఎప్పుడూ నాకు బంతి అందించే నా స్నేహితురాలు తల తిప్పుకుంది. నేను గోల్స్ కొట్టడం చూసి వీళ్లకు కుళ్లు పుట్టిందనీ, సరిగ్గా ఈ రోజే కక్ష తీర్చుకుంటున్నారనీ అనుకున్నాను. షామియానా కింద హైదరాబాద్ సార్లలో ఒకాయన చెరకు ముక్క నములుతూ అవతలి అంచునే చూస్తున్నాడు. ఇంతలో వాళ్లు మాకు ఒక గోల్ కొట్టారు.

నేను ఆగిపోయాను. నా వెంట వస్తున్న పొడుగు అమ్మాయి కూడా ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నా వైపు చూసింది.

"ఏమ్మా, బంతి రావట్లేదుగా. ఎందుకలా పరిగెడతన్నావు? నువ్వాగితే నేనూ కాస్త ఊపిరి పీల్చుకుంటాను."

వెటకారంగా అనలేదు ఆ మాట. నిజంగానే అలిసిపోయి అంది. నాకు ఇంకా అవమానంగా అనిపించింది. గీత అవతల నిలబడ్డ అక్క అది విన్నదో లేదో తెలియదు. ఎందుకు నిలబడ్డావని మాత్రం అడిగింది. బంతి ఇస్తలేరని చెప్పాను. బంతి ఇయ్యకుంటే కాళ్లు నడవవా అంది.

ఆ కోపంలో మళ్లీ ఉరికాను. ఆటకోసం కాదు, అక్క మీది కసికొద్దీ ఉరికాను. పొడుగు అమ్మాయి నా వెంట పరిగెత్తింది. ఆమెకు సాయంగా ఇంకో అమ్మాయి కూడా మధ్యలోంచి నా వైపు వచ్చింది. మూల జెండా దాకా పోయాక వెనక కేకలు వినిపించాయి. తిరిగి చూస్తే మధ్యలో మా చిన్నదాని ముందు అడ్డంగా ఎవరూ లేరు. కీపర్ ఒక్కతే ఉంది. చిన్నది కళ్లు మూసుకుని తన్నినట్టే తన్నింది. బంతి లోపలికి పోయింది. మా వాళ్లంతా దాన్ని ఎత్తుకుని గంతులేస్తుంటే, నేను జెండా పక్కన ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. మా జట్టు గోల్ కొడితే ఏడుపొచ్చింది నాకు. అంతకు ముందు ఎప్పుడూ అలా కాలేదు.

సగం ఆట అయ్యాక అక్క అందరికీ బెల్లం ముక్కలు పెట్టింది. నేను తీసుకోలేదు. ఇక ఆడనని చెప్పి బూటు లేసులు విప్పేశాను. అక్క నా పక్కన గడ్డిలో కూర్చుంది.

"వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. నీకు బంతి ఇయ్యొద్దని నేనే చెప్పిన."

అక్క అవతలి వైపు చూపించింది. పొడుగు అమ్మాయి గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇంకో అమ్మాయి ఆమె మొహం మీద నీళ్లు చల్లుతోంది.

"గా ఇద్దరిని నువ్వొక్కదానివే ఉరికించినవ్. మన గోల్ ఎట్లయిందనుకున్నవ్? చిన్నదాని ముందర ఎవ్వరు లేకుంట చేసింది ఎవరు?"

ముందే చెప్పొచ్చు కదా అని అడిగాను.

"ముందే చెప్తే నువ్వు ఉరకవు, ఉరికినట్టు చేస్తవ్. గోల్ గొట్టుడు నీకు పుట్టుకతోనే వచ్చింది, నేను నేర్పలే. బంతి లేనప్పుడు ఆడుడు నేర్పాలనే గిట్ల జేసిన. నాకు గిది ఎవ్వరు చెప్పలే. నాకు తెలిసేటాళ్లకు నా ఆట అయిపోయింది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు అక్క నన్ను చూడలేదు, మైదానం వైపు చూసింది. తర్వాత వంగి, ఈ సగంలో బంతి ఇస్తారని చెప్పి, నేను విప్పిన లేసులు తనే కట్టింది. ఇప్పుడు నేనూ కోచ్‌నే. ఒక పిల్ల బతుకంతా ఒక్క ఆట మీద ఆగి ఉన్నప్పుడు, ఆ ఆటలో సగం దానికి బంతి అందకుండా చేసే గుండె ధైర్యం నాకుందా అంటే చెప్పలేను. అక్కకు ఉంది. నా మీద నాకు లేనంత నమ్మకం ఆమెకు ఉంది.

రెండో సగంలో బంతి ఇస్తారని తెలిసినా వెంటనే రాలేదు. నేను మాత్రం ఉరుకుతూనే ఉన్నాను. ఈసారి కసి లేదు. కళ్లు తెరుచుకుని ఉరుకుతున్నాను. నేను ఉరికితే వాళ్ల వరస ఎలా కదులుతుందో, ఎక్కడ ఖాళీ పడుతుందో కనిపించడం మొదలైంది. పొడుగు అమ్మాయి మొదట నాతో సమానంగా వచ్చింది. తర్వాత నాలుగడుగులు వెనకబడింది. ఆ తర్వాత, ఈ పిల్లకు బంతి ఎలాగూ రాదని ఖాయం చేసుకుని, రావడమే మానేసింది.

అప్పుడు వచ్చింది బంతి. నా స్నేహితురాలు వెనక నుంచి పొడుగ్గా తన్నిన బంతి, ఎండలో ఒకసారి కనిపించకుండా పోయి, నా ముందు పడింది. అది పడేసరికే నేను పూర్తి వేగంలో ఉన్నాను. నా ముందు సున్నపు గీత, గడ్డి, మూల జెండా తప్ప మనిషన్నది లేదు. గోల్ దగ్గరికి వచ్చేసరికి కీపర్ నా మీదికి వస్తోంది. పాత నేనైతే తన్నేసేదాన్ని. ఆ రోజు మొదటిసారి తలెత్తి చూశాను. అవతల మా చిన్నది ఉరికొస్తోంది. బంతి వస్తుందో రాదో దానికీ తెలియదు, అయినా ఉరికొస్తోంది. దాని ముందుకు అడ్డంగా కొట్టాను. అది కాలికి తగల్లేదు, మోకాలికి తగిలి లోపలికి పోయింది.

చిన్నది ఆగకుండా అటునుంచి అటే నా మీదికి వచ్చి పడింది. దాని వెనక అందరూ. నేను గోల్ కొట్టకుండానే ఆ కుప్పలో అడుగున ఉన్నాను. ఊపిరాడలేదు. అంత సంతోషం అంతకు ముందు గోల్ కొట్టినప్పుడు ఎప్పుడూ లేదు.

గెలిచాం. చెరకు నమిలిన సారు మా దగ్గరికి వచ్చి, కుడి అంచున ఆడిన ఈ అమ్మాయి ఎన్నాళ్ల నుంచి వింగ్‌లో ఆడుతోందని అక్కను అడిగాడు.

"ఇయ్యాల్టి సందే సారూ" అంది అక్క.

సారు నవ్వాడు. నా పేరూ, పొడుగు అమ్మాయి పేరూ రాసుకున్నాడు. ఆ అమ్మాయి నాకు దోసెడు చెరకు ముక్కలు పెట్టి, బంతి రాని పిల్లని నమ్మకూడదని ఈ రోజు తెలిసిందంది. ఆ తర్వాత నాలుగేళ్లు హాస్టల్‌లో మా మంచాలు పక్కపక్కనే.

సాయంత్రం నిజామాబాద్ బస్టాండులో బాపు ఆటోతో ఎదురుచూస్తున్నాడు. అక్క చెప్పిందంతా విన్నాడు. జట్టంతటినీ ఆటోలో ఎక్కమన్నాడు. ఒకరి ఒళ్లో ఒకరం కూర్చున్నాం, ఇద్దరు బాపుకు చెరోపక్కన ఇరుక్కున్నారు, కప్పు చిన్నదాని చేతిలో ఉంది. ఇంటికి దగ్గర దారి వేరే ఉంది. బాపు ఆ దారిన పోలేదు. ఆటో అడ్డా ముందుకు పోనిచ్చి, అక్కడ బండి ఆపి, లోపల మేం అరుస్తుంటే హారన్ మోగిస్తూ కూర్చున్నాడు. తన తోటివాళ్లంతా లేచి వచ్చి చూసేదాకా మోగించాడు. అంత గట్టిగా సంతోషపడ్డ బాపును మళ్లీ నా పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ అంచు మీదే నా బతుకు సాగింది. రైల్వేలో ఉద్యోగం ఇచ్చారు. కలకత్తా బురద మైదానాల్లో, కేరళ వానల్లో, ఏ జట్టుకు ఆడినా నా చోటు కుడి గీత పక్కనే. దేశం జెర్సీ వేసుకున్న మొదటి రోజు జాతీయగీతం అయిపోగానే కుడి గీత పక్కకే ఉరికాను. ఆ రోజు నేను అందించిన బంతితోనే గెలిచాం. ఆడవాళ్లకు జీతమిచ్చి ఆడించే క్లబ్బులు వచ్చేసరికి నా వయసు ముప్పై దాటిపోయింది. అయినా ఒక క్లబ్బు పిలిచింది. నా పక్కన ఆడే పిల్లలు నన్ను పెద్దక్కా అనేవాళ్లు. మోకాలు అరిగిపోయే ముందు ఆ జట్టుతో కప్పు కూడా ఎత్తాను. ఆ ఫైనల్‌లో గెలుపు గోల్ కొట్టింది ఒక కుర్రది. టీవీలో ఎన్నిసార్లు చూపించినా అందులో నేను లేను. తెల్లారి అక్క ఫోన్ చేసింది.

"గా గోల్‌కు ముందుగాల వాళ్ల బ్యాక్‌ను అవతలికి గుంజుకపోయింది నువ్వే గదా. చూసిన."

నేను అందుకున్న కప్పులూ పతకాలూ బాపు అల్మారాలో ఉన్నాయి. ఫోన్‌లో అక్క అన్న ఆ ఒక్క మాట మాత్రం నా దగ్గరే ఉంది.

ఇప్పుడు జుట్టు నెరిసింది. మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు, మళ్లీ గ్రౌండులో అడుగు పెడతానో లేదో తెలియకుండా మంచం మీద కాలు ఎత్తి దించుతూ నెలలు గడిపాను. ఆడపిల్లల జట్టు పెడతానంటే ఎవరూ పలకని రోజుల్లో, ముగ్గురే వచ్చినా ఆ ముగ్గురితోనే పొద్దున్నే గ్రౌండులో ఉన్నాను. నా వంతు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. కానీ నిలబడి ఎదురుచూడటం మాత్రం బోధన్‌లో ఆ రోజే మరిచిపోయాను. ఏదైనా నా దాకా వచ్చేసరికి నేను అప్పటికే పరుగులో ఉంటాను.