స్క్రీన్ మీద టవల్ కప్పే శ్రీధర్ అన్న

నిన్న పొద్దుగాల ఫోన్ చూసి నాకు పిచ్చిలేసింది.

మా షూటింగ్ రేంజ్ వాట్సాప్ గ్రూప్‌ల మెసేజ్. శ్రీధర్ అన్న ఇక లేరు, హార్ట్ ఎటాక్ అని.

ఎవడో తలతిక్కోడు పెట్టిండనుకున్న. వాన్ని తిట్టుకుంటనే అన్న నంబర్‌కు కాల్ కొట్టిన.

ఎత్తింది వదిన. ఒకటే ఏడ్చుడు.

అరే, మొన్న సాయంత్రమే కదా చిక్కడపల్లిల ఛాయ్ తాగినం! రేపు జల్ది రా, భుజం బిగపట్టి కొడ్తున్నవ్, సెట్ చేద్దాం అన్నడు. గట్ల చెప్పిన మనిషి గిట్లెట్ల పోతడు?

తెల్వనోళ్ళకు చెప్త. శ్రీధర్ అన్న నా రైఫిల్ షూటింగ్ కోచ్. నారాయణగూడల ఒక బిల్డింగ్ మీద చిన్న రేంజ్ ఆయనది. నేను అశోక్ నగర్ హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుకుంట, సాయంత్రాలు అక్కడికి పోతుంటి. స్పోర్ట్స్ కోటా ఆశ, ఇంకేంది.

అక్కడ ఎలక్ట్రానిక్ టార్గెట్లు. పెల్లెట్ గుండు ఎక్కడ తగిలింది, స్కోర్ ఎంత (నట్టనడుమ తగిలితే పది), అన్నీ మన పక్కన స్క్రీన్ మీద అప్పటికప్పుడే వస్తయి.

అన్న ఆ స్క్రీన్ మీద టవల్ కప్పుతడు!

ఎక్కడ కొట్టినవో ముందు నువ్వే నోటితోని చెప్పాలె. తర్వాతనే టవల్ తీసుడు. తప్పు చెప్తే, పది పడ్డా మూతి ముడుచుకుంటడు. గంత మంచి మెషిన్ తెచ్చి మూతేసుడేంది అని రోజు లొల్లి పెట్టేదాన్ని. నవ్వి ఊకునేటోడు. వెనకాల కుర్చీ ఉన్నా ఎన్నడు కూసోలె, నిలబడే చూసేటోడు.

స్టేట్ సెలెక్షన్స్‌ల సమజైంది నాకు.

మ్యాచ్ నడుమల ఒక షాట్ కొట్టిన. స్క్రీన్ మీద ఏం రాలె. నా పానం పోయింది.

చెయ్యి ఎత్తిన. ఇంకొకటి కొట్టు, పోయినదాన్ని తర్వాత వెతుకుతం, దొరక్కపోతే సున్నా అన్నడు జడ్జి. సున్నా అంటే నేను ఇంటికే. ఎక్కడ కొట్టినవమ్మా అని అడిగిండు.

నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది. "కుడి దిక్కు, తొమ్మిది."

మ్యాచ్ అయినంక టార్గెట్ వెనకాల అట్ట తీసి చూసిన్రు. పదులన్నీ నడుమల ఒకటే బొక్క లెక్క కలిసిపోయినయి. కుడి దిక్కు విడిగ ఒక్కటి కనబడ్డది, స్క్రీన్ ఎక్కనిది. తొమ్మిది ఇచ్చిన్రు. సెలెక్ట్ అయిన. ఆశపడి పది అని ఉంటే ఆ బొక్కల గుంపులనే వెతికి, దొరకలేదని సున్నా ఏస్తుండె.

బయట అన్న కండ్లల్ల నీళ్ళు. సెలెక్షన్ ముచ్చటే ఎత్తలె.

"తొమ్మిదిని తొమ్మిది అన్నవ్ సూడు చెల్లె, నాకు గది సాలు."

ఇయ్యాల అన్నను సాగనంపినం. హాస్టల్‌కు పోబుద్ది కాలె, రేంజ్‌కే పోయిన. నేను రోజు నిలబడి కొట్టే లేన్ల స్క్రీన్ మీద టవల్ గట్లనే ఉంది. మొన్న ఆయన చేత్తో కప్పిందే.

నిన్నటి సంది ఫోన్ నిండ RIPలే. చదువుతున్న గని నమ్ముతలేను. అన్న పోయిండని నా నోటితోని మాత్రం ఒక్కసారి గూడ అనలె.

టవల్ ముట్టుకోలె. ముందు నేనే చెప్పాలె కదా.

ఆ ఖాళీ కుర్చీ దిక్కు తిరిగి గట్టిగ చెప్పిన.

"శ్రీధర్ అన్న సచ్చిపోయిండు."

అప్పుడొచ్చింది ఏడుపు.

నిలబడింది ఇగ సాలు అన్న, జర కూసో. నీ పానానికి నిమ్మళం దొరకాలె.