సుగ్గికి పోని సంవత్సరం

మహాదేవమ్మది మా ఎదురిల్లు. నేను కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆమె గడప నాకు సూటిగా కనబడుతుంది. మనిషి బక్కపలచన, నోరు మాత్రం వీధి మొత్తానికీ సరిపోతుంది. ఆలూరు దగ్గర మా ఊళ్లో ఆమెతో సమంగా పత్తి తీసేవాళ్లు లేరు. అలాంటి మనిషి ఒక సంవత్సరం సుగ్గికి పోలేదు. ఎందుకు పోలేదో, పోకపోతే ఏమైందో చెప్తాను.

సుగ్గి అంటే మా పక్క కూలికోసం వలస పోవడం. దీపావళి దాటగానే ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. మొగుడూ పెళ్లాం జంటగా వస్తేనే మేస్త్రి పిలుస్తాడు. పిల్లలు వాళ్ల వెనకాలే. తిరిగొచ్చేసరికి బడిలో పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. మహాదేవమ్మ, ఆమె మొగుడు పెద్ద ఈరన్న పెళ్లయినప్పటి నుంచీ ఇట్లా పోతున్నవాళ్లే. వాళ్లకు శివజ్యోతి ఒక్కతే కూతురు.

ఆ పిల్ల నాలుగో తరగతికి వచ్చింది గానీ 'అమ్మ' అని రాసి చూపిస్తే చదవలేదు. తెలివి తక్కువదా అంటే కాదు. నా దగ్గర కుప్పగా పడున్న రవికెల్లో ఏది ఎవరిదో టక్కున చెప్తుంది. ఎక్కడైనా కథ వింటే ఆ సాయంత్రమే మా అత్తకు చెప్పి ఏడిపిస్తుంది. అక్షరం దగ్గరకు వచ్చేసరికే దానికి చెమటలు పడతాయి.

మహాదేవమ్మ బడికి పోయి అడిగింది. అప్పటి పెద్దసారు ఒకటే మాట అన్నాడు. "పిల్లను ఏటా సుగ్గికి ఎత్తుకపోతాండావు. ఇంగ చదువు యాడ నిలుస్తాదమ్మా?"

సుగ్గి అనే మాట మా బడికి భలే అక్కరకొచ్చింది. ఏ పిల్లకు ఏది రాకపోయినా దాని నెత్తిన రుద్దేయొచ్చు. మా పక్కింటి ఉరుకుందమ్మ కూతురు అంజలి కూడా ఏటా సుగ్గికి పోతుంది, బస్సుల మీద బోర్డులు గడగడా చదువుతుంది. మరి దానికెట్లా నిలిచిందో ఎవరూ ఆలోచించలేదు. మహాదేవమ్మ అసలే ఆలోచించలేదు. తప్పంతా తనదేనని నమ్మేసింది. ఆ ఏడు దీపావళికి మొగుడితో "నేను రాను" అని చెప్పేసింది.

పెద్ద ఈరన్న అరిచాడు, బతిమాలాడు. చివరికి మేస్త్రిని ఎట్లాగో ఒప్పించుకుని ఒక్కడే బండెక్కాడు. ఊళ్లో ముసలివాళ్లూ, మేకలూ, మాలాంటి నాలుగిళ్లూ మిగిలాం. ఉల్లిగడ్డల కాడలు కోసే పని దొరికిన రోజు మహాదేవమ్మ పోయేది, దొరకని రోజు కడుపు మాడ్చుకునేది. పిల్లను మాత్రం ఒక్క పూట కూడా బడి మాన్పలేదు. జ్వరం తగిలినా దుప్పటి కప్పి తీసుకుపోయి కూర్చోబెట్టి వచ్చింది. చూస్తే నాకు ఒళ్లు మండేది. చెప్తే వినే రకమైతే కదా!

ఆ చలికాలంలో ఒక సాయంత్రం ఎదురింటి గడపలోంచి చదువు వినబడింది. శివజ్యోతి బల్బు కింద పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు కదిలిస్తూ, చీమల బారు గురించిన పాఠాన్ని తప్పు లేకుండా చదువుతోంది. పక్కన మహాదేవమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది గానీ రాళ్లు ఏరడం మరిచిపోయింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. వింటూ కళ్లు తుడుచుకుంది.

"ఇంటాండావా రామలక్ష్మక్కా! సార్ చెప్పింది నిజమే. సుగ్గికి పోకుంటే వచ్చేసింది సూడు!" అని వీధి అంతా వినబడేలా అరిచింది.

ఇక రోజూ అదే. రోజుకో పాఠం. మొగుడికి ఫోను చేసి, స్పీకరు పెట్టి వినిపించేది. అవతల పెద్ద ఈరన్న ఊపిరి పీల్చుకోవడం మా గడపదాకా వినబడేది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను పెళ్లిలో కూడా చూడలేదు.

ఒకరోజు నేను కుట్టిన రవికె ఇవ్వడానికి వాళ్లింటికి పోయాను. పిల్ల చదువుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. వీధంతా చీకటి. చదువు మాత్రం ఆగలేదు. అదే గొంతు, అదే వేగం. ఒక వాక్యం అయింది, రెండోది మొదలైంది. అప్పుడు దానికే గుర్తొచ్చినట్టుంది, ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది. మహాదేవమ్మ చేటలోకి చూస్తూ "చదువు తల్లీ" అంది. పిల్ల మళ్లీ చదివింది.

మర్నాడు పొద్దున్నే మహాదేవమ్మ నా మిషను దగ్గరకు వచ్చి నిలబడింది. "చీకట్లో అచ్చరాలు కనబడతాయా అక్కా?" అని అడిగింది. అవునంటే నమ్మడానికి సిద్ధంగా ఉంది. "కనబడవు మహాదేవీ. బడిలో పిల్లలు చదువుతుంటే విని పెట్టుకుని చెప్తాంది" అన్నాను. ఆమె అక్కడే కూలబడింది. "పోతే రాదంటిరి. పోకపోయినా రాకపాయె. ఇంగేం చేస్తే వస్తాదో చెప్పక్కా, నీ కాళ్లు మొక్కుతా" అని నేలకేసి నుదురు కొట్టుకుంది. నేను పట్టుకుని ఆపాను.

ఆమె మళ్లీ బడికి పోయింది. "ఇన్నేండ్లు సుగ్గికి తిప్పి, ఒక్క సంవత్సరానికే రావాలంటే ఎట్ల వస్తాది?" అన్నాడు పెద్దసారు. ఆయనకు అప్పటికే బదిలీ గాలి తగిలింది.

ఆలూరులో, ప్రత్యేక సాయం కావలసిన పిల్లలకు నేర్పే టీచరమ్మ ఒకామె ఉందని విని ఇద్దరం ఆటోలో పోయాం. ఆమె పేరు శ్రీవిద్య. మమ్మల్ని కూర్చోబెట్టి మొత్తం విన్న మొదటి మనిషి ఆమే. "కొంతమంది పిల్లలకు చూపు, వినికిడి, తెలివి అన్నీ బాగానే ఉంటాయమ్మా. అక్షరం మాత్రం అందదు. అది వాళ్ల తప్పు కాదు, మీ తప్పూ కాదు. అదో కాదో పరీక్ష చేస్తే తెలుస్తుంది. అదే అయితే నేర్పే పద్ధతి వేరే ఉంది. కానీ పాప పేరు బడి నుంచి రావాలి, హెడ్మాస్టరు పంపాలి" అంది. మీ తప్పు కాదన్న మాట మహాదేవమ్మకు ఎక్కలేదు. బడి నుంచి పేరు రావాలన్నది మాత్రం పట్టుకుంది.

జూన్‌లో బడి తెరిచేసరికి కడప వైపు నుంచి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు, రాఘవేంద్రప్రసాద్ సార్. మంచివాడే. మమ్మల్ని చూసి లేచి కుర్చీ చూపించాడు. మేము కూర్చోలేదు. మహాదేవమ్మ చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో నవ్వి, "ఈ ఊరి సంగతి విన్నానమ్మా. సుగ్గికి పోతాంటారంట గదా. పిల్లల్ని తిప్పితే చదువు ఎట్ల నిలుస్తాది?" అన్నాడు.

ఆమె ముఖం నేను చూడలేకపోయాను. ఒంటరిగా మిరప సాళ్లలో వంగిన మొగుడు, పస్తులు పడుకున్న రోజులు, జ్వరంతో బడికి నడిచిన పిల్ల, ఏదీ ఆయనకు తెలియదు. ఆయనకెవరు చెప్తారు!

"సార్, పోయిన సంవత్సరం నేను పోలేదు. అయినా దానికి రాదు. ఆలూరు మేడమ్ కాడికి పేరు పంపు సార్" అంది.

ఆయన శివజ్యోతిని పిలిచాడు. "ఏమ్మా, ఏదీ ఒక పాఠం చదువు చూద్దాం."

పిల్ల సంచిలోంచి నాలుగో తరగతి పుస్తకం తీసింది. చీమల బారు పాఠం విప్పి, వేలు పెట్టి, గంట కొట్టినట్టు చదివేసింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. సార్ ముఖం విప్పారింది. "భేషుగ్గా చదువుతాంది గదమ్మా! ఊరికే బెంగ పెట్టుకుంటాండావు. బడి మాన్పకుండా పంపు, చాలు" అన్నాడు.

శివజ్యోతి వాళ్లమ్మ వైపు చూసింది. పరువు నిలబెట్టానన్న చూపు. వాకిట్లో పిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు, అందులో అంజలి కూడా ఉంది.

మహాదేవమ్మ ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే కూతురికి మెప్పు దక్కేది. ఆమె ఊరుకోలేదు. "అది చదవడం కాదు సార్. ఇని పెట్టుకుంది. ఐదో తరగతి కొత్త పుస్తకం ఇచ్చి చూడు" అంది.

శివజ్యోతి రెండు చేతులతో పాత పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. సార్ కొత్త పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. పుటలో బావి దగ్గర ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. పిల్ల చాలాసేపు చూసి, వేలు పెట్టి, "బాయి కాడ అవ్వ... నీళ్లు చేదుతాంది" అంది. అక్కడ రాసుంది తాత ఊరి నుంచి తెచ్చిన రేగుపళ్ల గురించి. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ లేచి తలుపు మూశాడు. తిరిగి వచ్చి, "ఆ చీమల పాఠం నీకు ఎవరు నేర్పించినారమ్మా?" అని మెల్లగా అడిగాడు. పిల్ల కళ్లలోంచి నీళ్లు కొత్త పుస్తకం మీద పడ్డాయి.

"రేపే పేరు పంపుతా. అయితే డాక్టర్లు వచ్చి చూసే శిబిరం ఎప్పుడు పెడతారో చెప్పలేను. దీపావళి దాటొచ్చు" అన్నాడు ఆయన. "దాటనీ సార్. ఈసారీ ఈడనే ఉంటా" అంది మహాదేవమ్మ. ఆ మాటకు ఇంట్లో ఎంత గొడవ కాబోతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తిరిగి వస్తుంటే శివజ్యోతి మా ఇద్దరికీ దూరంగా నడిచింది. కళ్లం మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆలూరు మేడమ్ గూడా ఇట్లనే చదవమంటాదా మా?"

"అంటాది తల్లీ."

"డాక్టర్లు గూడా?"

"వాళ్లూ అంటారు."

"వాళ్ల ముందర గూడా చెప్తావా, నాకు రాదని?"

మహాదేవమ్మ రోడ్డు మీదే కూర్చుని పిల్లను దగ్గరకు లాక్కుంది. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది.

"చెప్తా. ఎంతమంది అడిగితే అంతమందికీ చెప్తా" అంది మహాదేవమ్మ. ఇద్దరూ ఏడ్చారు. అటుగా ఉరుకుందమ్మ మేకలను తోలుకుని వస్తుంటే నేను అడ్డంగా నిలబడి, ఇంకో దారిన పొమ్మని సైగ చేశాను.