డైరెక్టరు గారి ముళ్ల పండ్లు

హైటెక్ సిటీ మొదటి భవనం కొత్తగా లేచిన రోజుల్లో, మాదాపూర్ బండల మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తోట సూపర్‌వైజరుగా చేరాను. ఉద్యానశాఖ డిప్లొమా ఉంది నాకు. మా డైరెక్టరుకు దానితో పని లేదు. ఆయనకు కావలసింది ‘అలాగే సార్’ అనే మనిషి. ఆ పని నేను చక్కగా చేశాను.

తోటంటే ఆయన దృష్టిలో కారు దిగిన చోటు నుంచి లిఫ్టు దాకా కనిపించేది మాత్రమే. అంతకుముందు అక్కడ పరికి కంపలుండేవి. కూలికి వచ్చే ఆడవాళ్లు వాటి పుల్లటి పండ్లు కొంగులోకి కోసుకునేవారు. డైరెక్టరు ఆ కంపల్ని బుల్డోజరుతో తోయించి, అడవి పోయిందని మురిసిపోయాడు. ఆ వేసవిలోనే ఊటీ వెళ్లాడు. రోడ్డు పక్క ముళ్ల పొదలో నల్లటి పండ్లేవో తిన్నాడు. అవే మొక్కలు నలభై పీకించి, తడి గోనెలో చుట్టి తెచ్చాడు. బ్లాక్‌బెర్రీ అన్నాడు. కాదు, అది కొండల్లో దానంతటది పెరిగే రాస్‌ప్‌బెర్రీ జాతి. కాడల మీద విభూతి రాసినట్టు తెల్లగా ఉంటుంది. పండు ఎర్రబడి, తర్వాత నల్లబడుతుంది. ఆ తేడా తెలుసుకోవాలన్న కోరిక ఆయనకు లేదు.

అద్దాల గోడ కింద నాటమన్నాడు. పడమటి ఎండ ఆ అద్దాల మీద పడి నేలను పెనంలా కాల్చేది. సగం నీడ కావాలి సార్ అన్నాను.

“మొక్కనడిగి చోటు చూస్తామా ఏంటండీ,” అన్నాడు.

చుట్టూ ఉన్న మేనేజర్లు నవ్వారు. నేనూ నవ్వాను. పది రోజుల్లో మూడు తప్ప అన్నీ మాడిపోయాయి.

ఆ మూడింటినీ తోటపని చేసే పాలమూరు ఆమె పంపుగది వెనక, వేపచెట్టు నీడలో నాటింది. యాభై దాటిన మనిషి. నేను అమ్మా అని పిలిచేవాణ్ణి. ఎర్రమట్టిలో ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపింది. మొదట్లో ఎండుగడ్డి పరిచి, రోజు విడిచి రోజు నీళ్లు పోసింది, నిలవనివ్వలేదు. వానలకు కాడలు సాగి వంగాయి. ఒక కాడ కొసను మట్టిలో గుచ్చి, మీద రాయి పెట్టింది.

“కొస నేలను ముడితే ఏరు పోస్తది సార్. మల్లెకు గిట్లనే చేస్తం,” అంది.

నెల తిరక్కుండా వేరు పట్టింది. డిప్లొమాలో నేను పరీక్ష కోసం బట్టీపట్టిన పాఠం అది. పండు కాసిన కాడ మళ్లీ కాయదు, దాన్ని మొదలుకంటా కోసేసి కొత్త కాడలకు చోటివ్వాలని మాత్రం నేను చెప్పాను. ఆ తోటలో నా విద్య అంతవరకే పనికొచ్చింది.

మరుసటి చలికాలానికి కాసింది. గిన్నెడు పండ్లు డైరెక్టరుకు ఇచ్చాను. ఆయన వాటిని మీటింగులో పంచి, తానే పెంచానని చెప్పుకున్నాడట. ఆ వారంలోనే విదేశీ క్లయింట్లు వస్తున్నారని, పొదలు తవ్వి ముందు గేటు దగ్గర పెట్టమన్నాడు.

ఆమె ఆయన ఎదుటే అంది: “పండ్ల మీదున్న చెట్టును పీకద్దు సార్, సస్తది.”

ఆయన ఆమె వైపు చూడలేదు. “ఆవిడకు చెప్పండి,” అన్నాడు నాతో.

“నేనైతే పీక,” అని ఆమె పార కింద పెట్టింది.

ఆ పార నేను తీసుకున్నాను. మూడు పొదలూ నా చేతులతోనే తవ్వాను. ముళ్లు గీరి మోచేతుల దాకా రక్తం వచ్చింది, అదేదో త్యాగమైనట్టు రుమాలు కట్టుకుని తిరిగాను. క్లయింట్లు కారు దిగి ఫోన్లో మాట్లాడుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. వారం తిరిగేసరికి పొదలు ఎండిపోయాయి. ఎదురు మాట్లాడిందని ఆమెను కూలీల కాంట్రాక్టరు వేరే బిల్డింగుకు పంపాడు. హాజరు పట్టీలో ఆమె పేరు నేనే కొట్టేశాను.

రెండు నెలల తర్వాత నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోలో ఎదురుగా కూర్చుని కనిపించింది. నా మీద కోపం చూపలేదు. పంపుగది వెనక వేరు పట్టిన కొస మొక్కకు నీళ్లు పోస్తున్నారా అని అడిగింది. పోస్తున్నామన్నాను. అక్కడ అలాంటిదొకటి మిగిలిందన్న సంగతే నాకు గుర్తులేదు.

మర్నాడు వెళ్లి చూశాను. ఆకులు రాలిపోయాయి గానీ, గోరుతో గీరితే కాడ ఇంకా పచ్చగానే ఉంది. బిందెడు నీళ్లు పోశాను. ఆ ఉద్యోగం మానేదాకా పోశాను. డైరెక్టరుకు మాత్రం చెప్పలేదు.