మరియమ్మత్త చేతులు

కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే వాసన తగిలితే చాలు, నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి.

మరియమ్మత్త జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. సాయంత్రాలు, చర్చి ముఖం చూడని మా ఇళ్లకూ వచ్చి, జబ్బుపడ్డవాళ్ల తలమీద చేయివేసి ప్రార్థన చేసేది. జీడిరసానికి నల్లబడ్డ ఆమె వేళ్లను చూసి, మనుషుల్లోంచి తీసేసిన జబ్బంతా అక్కడ చేరిందనుకునేదాన్ని.

చివరికి కిడ్నీ జబ్బుతో ఆమే మంచాన పడింది. చూడ్డానికి వెళ్లాను.

"అందరికీ నానే సేసినాను, నాకెవులూ సెయ్యనేదు. నా నెత్తిమీద సెయ్యెట్టి, మీ దేవుడికే ఓ మాట సెప్పమ్మా" అంది.

నావీ నల్లబడతాయని చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆమె అది చూసి, తన చేతులు దుప్పట్లోకి లాక్కుంది.

నా చేతులకు ఇప్పటికీ ఒక్క మచ్చ లేదు.