కుందేలుకు మైల పట్టిన ఇల్లు

పశువైద్యం పట్టా చేతికొచ్చిన వారమే అమ్మతో కలిసి బహదూర్‌పల్లి వెళ్లాను. అక్కడి కాలనీలో, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల ఇంట్లో అమ్మ పదేళ్లుగా వంట చేస్తోంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ మాట చెప్పాలన్న తొందరలో దూద్‌పేడాల డబ్బా పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

బాల్కనీలో, ఎండలో పంజరం. అందులో వాళ్ల నాలుగేళ్ల ఆడకుందేలు. కింద పరిచిన కాగితం మీద ఎర్రటి మరకలు.

"ముట్టుకోకమ్మా, బయటుంది. ఇవాళ మూడోరోజు. రేపు తలస్నానం చేయించి లోపలికి తెచ్చుకుంటాం," అంది ఇంటావిడ.

కుందేలుకు! ఆయన ఇంజనీరు, ఆవిడ ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పిన మనిషి. ఇద్దరి పట్టాలూ గోడ మీద ఫ్రేముల్లో ఉన్నాయి. వాటి కిందే ఆ జీవి ఆరు నెలలుగా నెత్తురోడుతుంటే, క్యాలెండర్లో గుర్తుపెట్టి మరీ పూజగదికి దూరంగా జరిపారు.

"కుందేళ్లకు నెలసరి ఉండదండీ. గర్భసంచిలో గడ్డ అయ్యుంటుంది. ఈ వయసు ఆడకుందేళ్లకు క్యాన్సర్ రావడం మామూలే. ఊపిరితిత్తులకు పాకిందంటే చేసేదేమీ ఉండదు," అన్నాను.

ఇంటాయన ఫోన్లోంచి తలెత్తి నవ్వాడు. "నిన్నగాక మొన్న పాసయ్యావు, అప్పుడే క్యాన్సరా? సరే, తీసుకెళ్లు. నీకూ ప్రాక్టీసవుతుంది."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నా బిడ్డ ఐదేండ్లు సదివింది సారూ, ఉత్తగ రాలే. ఏందే సూస్తున్నవ్? కడుపు వట్టి సూడు జల్దీ!"

ఆ ఇంట్లో అమ్మ గొంతెత్తడం అదే మొదటిసారి. పట్టి చూశాను. వేళ్లకు గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలింది.

శామీర్‌పేటలో నేను పనికి చేరిన క్లినిక్‌కు ఆటోలో పంజరం ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ముందు ఛాతీ ఎక్స్‌రే తీశాం. ఊపిరితిత్తుల్లో మచ్చలుంటే ఇక కోసి లాభం లేదన్నారు పెద్దడాక్టరు. ఆయన ఎక్స్‌రేను చూస్తున్నంతసేపు నా డిగ్రీ కూడా నాకు గుర్తులేదు.

"సాఫుంది. టేబులెక్కించు."

గర్భసంచి తీసేశాం. ల్యాబు వాళ్లు క్యాన్సరేనన్నారు. కంటికి కనపడనంతగా పాకి ఉండొచ్చు కాబట్టి, ఛాతీని మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి.

పదోరోజు దాన్ని దిగబెట్టడానికి వెళ్లి ఇదంతా విడమరిచి చెప్పాను. ఇంటావిడ శ్రద్ధగా విని, "అయితే ఇక నెలనెలా దూరం పెట్టక్కర్లేదన్నమాట!" అంది సంతోషంగా.

పంజరం తీసుకెళ్లి పూజగది గుమ్మం దగ్గర పెట్టి దాని తలుపు తీశాను. కుందేలు మెల్లగా లోపలికి నడిచి, దేవుడి ముందున్న తులసి దళాలు నమలడం మొదలుపెట్టింది. ఆవిడ "అయ్యయ్యో" అంటూ లేవబోయింది.

"తిననియ్యి అమ్మగారూ," అంది వంటింట్లోంచి అమ్మ.