నవ్య గిటార్‌లో టకటక

మీ ఇంట్లో అర్థం కాని చప్పుడు వినిపిస్తే ముందు ఎవరిని పిలుస్తారు? కరెంటు పని చేసేవాణ్ణా, తాయత్తు కట్టేవాణ్ణా? జవాబు నాకు అక్కర్లేదు, మీకు మీరే చెప్పుకోండి.

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. పుట్టింది సిరిసిల్లలో, సాంచెల చప్పుడు మధ్య. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఏ చప్పుడు వెనకైనా ఒక మోటారో వదులైన బోల్టో ఉంటుందని చిన్నప్పుడే తెలిసినవాణ్ణి. చేతబడి పేరుతో మనుషులను కొట్టే ఊళ్లకు వెళ్లి, నడిబజార్లో నిలబడి వాదించాను. ఇప్పటికీ వాదిస్తున్నాను. అందుకే ఇది రాయడం నాకు సుఖంగా లేదు. అయినా జరిగింది జరిగినట్టు చెప్పకపోతే, ఇతరులను రుజువు అడిగే హక్కు నాకుండదు.

మా అక్కను కోరుట్లలో ఇచ్చాం. బావ గల్ఫ్‌లో భవనాల పని చేస్తాడు. ఇంట్లో అక్క, నేనూ అత్తమ్మ అని పిలిచే ఆమె అత్త, ఇంటర్ చదివే కూతురు నవ్య. నవ్య పట్టుబట్టి తండ్రి చేత ఎలక్ట్రిక్ గిటార్ కొనిపించుకుంది. స్పీకర్‌కు తగిలించిన రోజు నుంచే అది గుర్రుమనడం మొదలుపెట్టింది. తీగల మీద చెయ్యి పెడితే తగ్గేది, తీస్తే మళ్లీ గుర్రు. మనిషి ముట్టుకుంటేనే ఊరుకుంటోందంటే లోపల ఏదో ఉందని పక్కింటావిడ తేల్చేసింది. నిమ్మకాయలు కూడా తెచ్చిపెట్టింది.

నేను జగిత్యాల నుంచి వెళ్లి గోడలోని ప్లగ్గు విప్పించాను. ఎర్తింగ్ తీగే లేదు. అది కలిపించగానే గుర్రు పోయింది. నిమ్మకాయలతో నవ్య షర్బత్ చేసింది.

ఇంకో చప్పుడు మిగిలింది. ఉన్నట్టుండి స్పీకర్‌లో టకటక, టకటక అని కొట్టుకునేది. ఆ వెంటనే అత్తమ్మ బటన్ ఫోన్ మోగేది. చేసేది బావే. "నా కొడుకు ఫోన్ చేసుడు గీ డబ్బాకు ముందుగాలనే తెలుస్తది" అని అత్తమ్మ వాడంతా చెప్పుకుంది.

దానికీ కారణం ఉంది. మోగే ముందే ఫోన్ టవర్‌తో మాట్లాడుతుంది. గిటార్ తీగల కింద ఉండే రాగి చుట్ట ఆ తరంగాలను పట్టి స్పీకర్‌లో చప్పుడు చేస్తుంది. నా ఫోన్ నుంచి ఆమెకు చేసి చూపించాను. ఆమె ఫోన్ గిటార్ దగ్గరుంటే టకటక. వాకిట్లో పెడితే ఏమీ లేదు.

"సమజైంది అల్లుడా," అంది అత్తమ్మ. "అయితే ఫోన్ దూరం వెట్టకుండ్రి."

కొన్నాళ్లకు బావ ఫోన్లు ఆగిపోయాయి. మేం చేస్తే కలవడం లేదు. ఆయనతో పనిచేసేవాళ్లను అడిగితే, వేరే సైటుకు పోయాడని ఒకరన్నారు. ఏదో ప్రమాదం జరిగిందట, ఎవరికో తెలియదని ఇంకొకరన్నారు. బతికున్నాడా అనే మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అత్తమ్మ మాత్రం స్పీకర్ ముందు చాప వేసుకుంది. కునుకు అక్కడే. తిండి దాదాపు మానేసింది. నవ్య వాయించడం ఆపి, ఆమె కోసమే గిటార్‌ను స్పీకర్‌కు తగిలించి ఉంచింది.

నేను మళ్లీ వెళ్లిన మధ్యాహ్నం అక్క ఇంట్లో లేదు. బావను పంపిన ఏజెంటును నిలదీయడానికి జగిత్యాల పోయింది. ఎటు నుంచి ఫోనొచ్చినా తీయాలని తనదీ అత్తమ్మదీ రెండు ఫోన్లూ పట్టుకుపోయింది. నవ్యకు సొంత ఫోన్ లేదు.

"ఇంట్ల ఫోనే లేదు అత్తమ్మా, అది ఎట్ల పలుకుతది? లే, ఇంత తిను."

"నీ ఫోన్ లేదా?"

"ఇగో, నాది గూడ బందు వెడుతున్న. చూడు, చప్పుడు రాదు."

ఫోన్ ఆపి ఆమె చేతిలో పెట్టాను. ఆ చాప మీద నుంచి ఆమెను లేపాలన్నదే నా తాపత్రయం.

స్పీకర్ టకటక కొట్టుకుంది. ఆగింది. మళ్లీ కొట్టుకుంది.

"మామా, నేను ముట్టుకోలే," అంది నవ్య. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

అత్తమ్మ ఫోన్‌ను నా ముఖం మీదికి చాపింది. "చాలు చెయ్యి. నా కొడుకు పిలుస్తుంటే బందు వెట్టుకొని కూసుంటవా?"

వాదించలేక ఫోన్ ఆన్ చేశాను. తెర వెలిగి సిగ్నల్ అందగానే మోగింది. తెలియని విదేశీ నంబరు.

"బామ్మర్దీ, ఫోన్ బందు వెట్టి ఏడ పన్నవ్‌రా?" బావే. గొంతు నీరసంగా ఉంది.

పరంజా మీది నుంచి పడ్డాడు. కాలు విరిగింది, ఫోన్ నుజ్జయింది. ఎక్కడున్నాడో ఇంటికి చెప్పేవాళ్లు లేరు. పక్క మంచం రోగి తన ఫోన్ ఇచ్చాడు. ఆ రోగిని వేరే ఆసుపత్రికి తరలించడానికి మనుషులు వచ్చి నిలబడ్డారు. అక్క నంబరు, తల్లి నంబరు బావకు నోటికి రావు. అవి ఆయనకు ఫోన్‌లోని పేర్లు, అంతే. టెలిఫోన్ బూత్‌ల కాలంలో బట్టీపట్టిన నా నంబరొక్కటే గుర్తుంది, అది నేనింకా మార్చలేదు. అప్పటికే చేసి చూశాడట, ఫోన్ ఆపి ఉందని వచ్చిందట. "గిదే ఆఖరుసారి అనుకున్న," అన్నాడు. ఆసుపత్రి పేరు చెప్పాడు. లైన్ తెగింది.

ఆ పేరు పట్టుకునే అక్కడి మనవాళ్లు ఆయన్ను వెతికారు. ఇప్పుడు కాల్లో రాడ్డుతో కోరుట్లలోనే ఉన్నాడు.

ఆపేసిన ఫోన్ టవర్‌తో మాట్లాడదు. కాబట్టి పలికించింది నా ఫోన్ కాదు. పక్కింటికి ఆ రోజు తాళం. దారిన పోయేవాడి జేబులోని ఫోన్ కావచ్చనుకున్నాను. కానీ వాకిలి దూరానికే చప్పుడు అందదు, దారి దానికి ఇంకా అవతల. ప్లగ్గు, వైరు, స్పీకర్ అన్నీ కరెంటు పని చేసేవాడికి మళ్లీ చూపించాను. ఫోన్లన్నీ ఆపి నవ్యా నేనూ ఎన్నో పూటలు కూర్చున్నాం. ఒక్కసారీ పలకలేదు. కాకతాళీయం అనవచ్చు. నేనూ అదే అంటాను, కాకపోతే ఆ మాట అనేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది.

అత్తమ్మకు సందేహమే లేదు. "ఫోన్ మాట్లాడితేనే డబ్బా పలుకుతదని నువ్వే చెప్తివి. గాడ నా కొడుకు ఫోన్ మాట్లాడింది గద."

సముద్రం అవతలి ఫోన్ ఇక్కడి రాగి చుట్టకు అందదని చెప్పాను.

"మరి ఇనవడ్డది గద," అంది.

తెలియని చోట తెలియదనే రాస్తాను. ఆ ఖాళీలో దయ్యాన్నో దేవుణ్ణో కూర్చోబెట్టను.

తెలిసింది ఒకటుంది. ఆయనకు నోటికి వచ్చిన ఒక్క నంబరు లేకుంటే, ఏ డబ్బా ఎంత కొట్టుకున్నా బావ దొరికేవాడు కాదు. మీ వాళ్లెవరైనా గల్ఫ్‌లో ఉంటే ఈ పూటే ఫోన్ చేయండి. ఫోన్‌లో చూడకుండా మీ నంబరు చెప్పమనండి. తడబడితే, నోటికి వచ్చేదాకా చెప్పించండి.